మంచు కింద పనివాళ్లు: చల్లని సరస్సుల్లో జీవజాతుల సంఖ్య ఒక లెక్క, అవి చేసే పని ఇంకో లెక్క

జపాన్‌లోని సువా సరస్సు ఏ రోజు గడ్డకట్టిందో అక్కడి షింటో పూజారులు 1443 నుంచి రాసిపెడుతున్నారు. ఫిన్లాండ్, స్వీడన్ సరిహద్దులో పారే టోర్నే నది మీద మంచు ఏ రోజు పగిలిందో 1693 నుంచి నమోదవుతోంది. ఈ రెండు పాత లెక్కలూ ఇప్పుడు ఒకే దిక్కు చూపిస్తున్నాయి. సువా సరస్సు చాలా చలికాలాల్లో పూర్తిగా గడ్డకట్టడం మానేసింది. టోర్నే మీద మంచు మునుపటికంటే ముందే పగులుతోంది. ఉత్తరార్ధగోళంలో దాదాపు 15 వేల సరస్సులు ఇప్పటికే ఒక ఏడు గడ్డకట్టి ఒక ఏడు కట్టని స్థితికి వచ్చాయనీ, భూమి 2 డిగ్రీలు వేడెక్కితే అవి 35 వేలు దాటతాయనీ 2019లో ఒక అధ్యయనం అంచనా వేసింది.

ఇలాంటి వార్త కింద తరచూ ఒక ప్రశ్న కనిపిస్తుంది. "చల్లని నీళ్లలో అసలే జీవులు తక్కువ. వేడెక్కితే కొత్తవి వచ్చి చేరతాయి కదా, నష్టమేముంది?" కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. కొన్నిచోట్ల కొత్త జాతులు నిజంగానే వచ్చి చేరుతున్నాయి. కానీ ఈ ప్రశ్నలో రెండు లెక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒకటి, నీళ్లలో ఎన్ని రకాల జీవులున్నాయి అనేది. రెండోది, అవన్నీ కలిసి ఆ నీళ్లలో ఏ పని నడిపిస్తున్నాయి అనేది.

ముందు మాటల అర్థం తేల్చుకుందాం

జీవవైవిధ్యం అంటే ఎక్కువమందికి జాతుల సంఖ్యే గుర్తొస్తుంది. నిజానికి ఒకే జాతిలో ఉండే రకాల తేడాలు, ఆ జాతులు బతికే చోట్లలోని తేడాలు కూడా అందులో భాగమే.

జీవావరణం పనితీరు అంటే ఆ నీళ్లలో రోజూ జరగాల్సిన పనుల మొత్తం. ఎండను పట్టుకుని పాచి, మొక్కలు ఆహారం తయారు చేయాలి. రాలిన ఆకులు కుళ్లి మళ్లీ ఎరువు కావాలి. ఫాస్ఫరస్, నత్రజని ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి తిరుగుతూ ఉండాలి. నీటిలో ఆక్సిజన్ నిలవాలి. నీళ్లలో తేలుతూ బతికే సన్నటి జీవులైన ప్లవకాలను ఎవరో ఒకరు తిని నీటిని తేటగా ఉంచాలి.

పెళ్లింట్లో వందమంది చుట్టాలుండొచ్చు. గాడిపొయ్యి దగ్గర నిలబడి అన్నం వార్చడం తెలిసినవాళ్లు ఎంతమంది అనేది వేరే విషయం. అలాంటివాళ్లు నలుగురుంటే ఒకరికి జ్వరం వచ్చినా భోజనాలు ఆగవు. ఒక్కరే ఉంటే మొత్తం పెళ్లి ఆ ఒక్కరి మీదే ఆధారపడుతుంది. చల్లని నీళ్లలో చాలా పనులకు ఉండేది ఆ ఒక్కరే. అందుకే అక్కడ సంఖ్య కంటే ముందు అడగాల్సింది, ఏ పని ఎవరి చేతిలో ఉంది, వాళ్లు లేకపోతే ఆ పని తెలిసిన ఇంకొకరున్నారా అని.

నాలుగు డిగ్రీల నీరు, దాని మీద మూత

నీరు సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. ఇంకా చల్లబడితే తేలికై పైకి వస్తుంది, పైనే గడ్డకడుతుంది. అందుకే బయట మైనస్ 30 ఉన్నా లోతైన సరస్సు అడుగున 4 డిగ్రీల నీళ్లలో చేపలు ఈదుతుంటాయి. ఈ ఒక్క గుణం లేకపోతే చలి దేశాల సరస్సులు అడుగు నుంచి గడ్డకట్టి ఉండేవి.

చల్లని నీటికి ఇంకో గుణం ఉంది, దాన్ని భీమవరం, కైకలూరు ప్రాంతాల చెరువుల రైతులకు చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలితే ఎంత టెన్షనో, ఏరేటర్లు ఎందుకు తిప్పాలో వాళ్లకు బాగా తెలుసు. 30 డిగ్రీల వేడి నీటిలో లీటరుకు మహా అయితే 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 0 డిగ్రీల దగ్గర అదే నీటిలో 14.6 మిల్లీగ్రాములు పడుతుంది, అంటే దాదాపు రెట్టింపు. పైగా చలిలో చేప తక్కువ ఊపిరి పీలుస్తుంది.

అయితే గడ్డకట్టిన సరస్సు మూతపెట్టిన గిన్నె లాంటిది. గాలి నుంచి కొత్త ఆక్సిజన్ రాదు. మంచుగడ్డ అద్దంలా తేటగా ఉంటే వెలుతురు లోపలికి దిగి పాచి కొంత ఆక్సిజన్ తయారు చేస్తుంది. గడ్డ మీద కురిసిన మంచు దట్టంగా పేరుకుంటే చీకటే. లోతు తక్కువైన సరస్సుల్లో అడుగున కుళ్లే చెత్త ఉన్న ఆక్సిజన్‌ను నెలల తరబడి తినేస్తుంది, వసంతంలో మంచు కరిగేసరికి చచ్చిన చేపలు తేలతాయి. మన చెరువులో ఒక్క రాత్రి జరిగే ప్రమాదం అక్కడ ఒక చలికాలమంతా సాగుతుంది.

ఆకులు కొరికే పురుగులు: సంఖ్య నిజంగా లెక్కకొచ్చే చోటు

చలి దేశాల అడవి వాగుల్లో ఆహారం ఎక్కువగా ఒడ్డు నుంచే వస్తుంది. శరదృతువులో రాలిన ఆకులు నీళ్లలో పడతాయి. వాటి మీద బూజు పట్టాక స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై వంటి పురుగుల పిల్లలు కొరికి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు కిందికి కొట్టుకుపోయి ఇంకెన్నో జీవులకు తిండి అవుతాయి. వేడి ప్రాంతాల వాగుల్లో ఈ పనిలో ఎక్కువ వాటా సూక్ష్మజీవులదే. చలిలో వాటి జోరు తగ్గుతుంది కాబట్టి కొరికే పురుగుల మీద భారం పెరుగుతుంది.

జాతుల సంఖ్యకు, పనికి సంబంధం ఉందా అని స్వీడన్‌లో యోన్సన్, మాల్మ్‌క్విస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన ప్రయోగంలో నేరుగా పరీక్షించారు. ఆకులు కొరికే మూడు రకాల స్టోన్‌ఫ్లైలను తీసుకున్నారు. కొన్ని పాత్రల్లో ఒకే రకం, కొన్నింటిలో రెండు, కొన్నింటిలో మూడు రకాలు వేశారు. మొత్తం పురుగుల సంఖ్య మాత్రం మార్చలేదు. సులువుగా అర్థం కావడానికి పాత్రకు 12 పురుగులు అనుకోండి: ఒకచోట ఒకే రకం 12, ఇంకోచోట మూడు రకాలు నాలుగేసి. నోళ్లు రెండుచోట్లా అన్నే. అయినా రకాలు ఎక్కువున్న పాత్రల్లో ఆకులు త్వరగా తరిగిపోయాయి.

దీనికి వాళ్లు ఇచ్చిన వివరణ నాకు చాలా నచ్చుతుంది. ఒకే రకం పురుగులు ఒకే తావు కోసం తోసుకుంటాయి, ఒకదాని పనికి ఒకటి అడ్డుపడతాయి. రకాలు వేరైతే ఆ తోపులాట తగ్గుతుంది, ఒకటి కొరికి వదిలింది ఇంకోదానికి పనికొస్తుంది. అంటే మూడు రకాలే ఉన్న చోట కూడా ఒక రకం తగ్గితే పని తగ్గుతుంది. తక్కువ జాతులున్న చోట ఒక్కటి పోయినా ఫరవాలేదు అనే వాదనకు ఈ చిన్న పురుగులు గట్టి జవాబే చెప్పాయి.

ఒకే చేప, నాలుగు వృత్తులు

ఐస్‌లాండ్‌లోని థింగ్‌వల్లావట్న్ సరస్సు 84 చదరపు కిలోమీటర్లు, 114 మీటర్ల లోతు. ఇంత పెద్ద సరస్సులో చేపలు మూడంటే మూడే జాతులు: ఆర్కిటిక్ చార్, బ్రౌన్ ట్రౌట్, మూడు ముళ్ల స్టికిల్‌బ్యాక్. జాబితా చూస్తే బీద సరస్సు అనే అనిపిస్తుంది.

కానీ ఆ చార్ చేప ఒక్కటే నాలుగు రూపాల్లో ఉంది. అడుగున లావా రాళ్ల మధ్య నత్తలు ఏరుకుతినే పెద్ద రకం, అదే రాళ్ల సందుల్లో దూరి బతికే చిన్న రకం, పైనీళ్లలో ప్లవకాలు తినే సన్నటి రకం, ఇతర చేపలను వేటాడే రకం. అడుగున తినేవాటి నోరు కిందికి తిరిగి ఉంటుంది, ప్లవకాలు తినేవాటి ముఖం కోసుగా ఉంటుంది. మంచుయుగం ముగిసి ఆ సరస్సుకు చేపలు చేరినప్పటి నుంచి, అంటే సుమారు 10 వేల ఏళ్లలోనే ఈ తేడాలన్నీ వచ్చాయి. వేడి ప్రాంతపు సరస్సులో నాలుగు జాతులు పంచుకునే పనిని ఇక్కడ ఒకే జాతి చేస్తోంది.

జాతుల పట్టికలో ఇది "1" అనే పడుతుంది. రేపు ఒక రూపం కనుమరుగైనా అది "1" గానే ఉంటుంది. ఒక పని ఆగిపోతుంది, పట్టికలో మాత్రం ఏమీ మారదు. చల్లని నీళ్లను జాతుల సంఖ్యతో మాత్రమే కొలవడం ఎంత మోసం చేస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

బలహీనమా, మొండిదా?

తక్కువ జాతులున్న నీళ్లు తేలిగ్గా కూలిపోతాయా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు.

ఒక వాదన బీమా లాంటిది. ఒక సరస్సులో ప్లవకాలను తినేవి మూడు రకాలున్నాయనుకుందాం. ఒకటి 6 డిగ్రీల దగ్గర, ఒకటి 10 దగ్గర, ఒకటి 14 దగ్గర చురుగ్గా ఉంటుంది. నీరు 4 డిగ్రీలు వేడెక్కితే మొదటిది నీరసిస్తుంది, మిగతావి ఆ పని అందుకుంటాయి. పక్క సరస్సులో 6 డిగ్రీల రకం ఒక్కటే ఉంటే పని ఆగుతుంది. జాతులు ఎక్కువుంటే ఆటుపోట్లు తట్టుకోవచ్చు అనేది దీని సారం.

ఎదుటివాళ్ల వాదన కూడా బలమైనదే. చలి నీళ్లలో మిగిలినవన్నీ వేల ఏళ్ల వడపోతలో నిలిచినవి, ఏది దొరికితే అది తిని బతకగలవి. ఉదాహరణకు ఐస్‌లాండ్‌లోనే మీవాట్న్ సరస్సు. దాని పేరుకే దోమల్లాంటి మిడ్జ్ పురుగుల సరస్సు అని అర్థం. అక్కడ ఒక రకం మిడ్జ్ సంఖ్య మంచి ఏడాదికీ చెడ్డ ఏడాదికీ మధ్య లక్ష రెట్లు మారిపోతుంది. ఎక్కువున్న ఏడాది పొగలా లేచి ఒడ్డున రాలి అక్కడి నేలకు ఎరువవుతాయి, పడిపోయిన ఏడాది చేపలకూ బాతులకూ కరువే. ఇంత ఊగినా ఆ సరస్సు సరస్సుగానే నిలిచింది. ఊగడం, కూలడం ఒకటి కాదని వీళ్లంటారు.

నా ఉద్దేశంలో రెండూ నిజమే, ఎదురయ్యే దెబ్బను బట్టి ఉంటుంది. పాత రకం ఒడుదొడుకులకు ఈ నీళ్లు అలవాటుపడ్డాయి. అలవాటు లేని మార్పు, ఏళ్ల తరబడి ఒకే దిక్కుకు నెట్టే మార్పు వస్తే ఏమవుతుందో అలాస్కాలో ఒక నది చూపించింది.

కుపరుక్ నది: తొలి ఏడేళ్లు చూసి ఆగిపోయి ఉంటే

అలాస్కాలో బ్రూక్స్ పర్వతాలకు ఉత్తరాన, చెట్లు లేని టండ్రా నేల మీద కుపరుక్ నది పారుతుంది. కింద నేల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. ఆ నీళ్లలో ఫాస్ఫరస్ చాలా తక్కువ. వాతావరణం వేడెక్కి ఆ నేల కరిగితే అందులోని పోషకాలు నదిలోకి రావచ్చు, అప్పుడు ఏమవుతుంది? తెలుసుకోవడానికి 1983 నుంచి ప్రతి వేసవిలో నదిలో ఒకచోట ఫాస్ఫారిక్ యాసిడ్‌ను బొట్లుబొట్లుగా వదిలారు. కలిపింది లీటరుకు సుమారు 10 మైక్రోగ్రాముల ఫాస్ఫరస్, అంటే గ్రాములో లక్షోవంతు.

అంత తక్కువ మోతాదుకే రాళ్ల మీద పాచి విరగబెరిగింది. దాన్ని తినే పురుగులు పెరిగాయి, వాటిని తినే గ్రేలింగ్ చేపలు త్వరగా లావయ్యాయి. ఎరువేస్తే పంట పెరిగినట్టే అంతా సూటిగా కనిపించింది. ప్రయోగం మామూలుగా మూడు నాలుగేళ్లలో ముగించి ఉంటే మన పుస్తకాల్లో ఆ పాఠమే మిగిలేది.

సుమారు ఎనిమిదో ఏట లెక్క తప్పింది. అంతకుముందు అరుదుగా కనిపించిన ఒక రకం మాస్, హైగ్రోహిప్నమ్ అనే నీటి నాచుమొక్క, రాళ్లను కప్పేస్తూ నది అడుగంతా పరుచుకుంది. అది నెమ్మదిగా పెరిగేది కాబట్టి మొదటి ఏళ్లలో ఎవరి కంటా పడలేదు. అది వచ్చాక రాళ్ల నున్నటి ఉపరితలం మీద బతికే పురుగులు తగ్గాయి, నాచు పోగుల మధ్య దాక్కునేవి పెరిగాయి. అదే నది, అదే ఫాస్ఫరస్. లోపల పనివాళ్లు మారిపోయారు. ఫాస్ఫరస్ వేయడం ఆపిన భాగంలో కూడా నాచు ఒక్కసారిగా పోలేదు, పాత స్థితి రావడానికి ఏళ్లు పట్టింది.

చలి నీళ్లలో జవాబు ఆలస్యంగా వస్తుంది. అక్కడ పెరిగే కాలం ఏడాదికి కొన్ని వారాలే. మనకు రెండేళ్లలో కనిపించే మార్పు అక్కడ పదేళ్లకు కనిపించవచ్చు. "మూడేళ్లుగా చూస్తున్నాం, ఏమీ కాలేదు" అనే మాటను ఆర్కిటిక్ విషయంలో నమ్మేముందు ఈ నదిని గుర్తుచేసుకోవాలి.

టీ రంగుకు తిరుగుతున్న సరస్సులు

పోషకాలు పెరిగితే చేపలు పెరుగుతాయి అనే సూత్రం ఇంకోచోట కూడా తడబడింది. ఉత్తర స్వీడన్‌లోని చిన్న సరస్సులను పోల్చిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. అక్కడ చేపల దిగుబడికి కొరతగా ఉన్నది వెలుతురని తేలింది. నేల నుంచి కరిగి వచ్చే సేంద్రియ పదార్థం నీటిని టీ రంగులోకి మారుస్తుంది, వెలుతురు అడుగుకు చేరదు, అడుగున పాచి పెరగదు. ఆ పాచి మీదే చేపల తిండి ఆధారపడి ఉంది.

స్కాండినేవియాలో చాలా సరస్సులు కొన్ని దశాబ్దాలుగా ఇలా రంగు మారుతున్నాయి. ఎందుకంటే రెండు మూడు జవాబులు వినిపిస్తాయి. ఆమ్ల వర్షాలు తగ్గడంతో నేల తన పాత గుణానికి తిరిగి వస్తోందనీ, అంటే ఇది కోలుకోవడమేననీ కొందరంటారు. వేడి, వానలు పెరగడమే కారణమని కొందరు. కలప కోసం పెంచిన అడవుల పాత్ర ఉందని మరికొందరు. ఊరును బట్టి వీటి వాటాలు మారతాయి. మొదటిది నిజమైన చోట రంగు మార్పు ఒకచోట ఆగుతుంది, రెండోది నిజమైన చోట ఆగదు. అందుకే ఈ చర్చ ముఖ్యం.

బైకాల్: ఒక్క కోపెపోడ్ మోస్తున్న సరస్సు

సైబీరియాలోని బైకాల్‌కు వస్తే, చల్లని నీళ్లంటే జీవులు తక్కువ అనే మాటే నిలవదు. సుమారు 2.5 కోట్ల ఏళ్ల వయసు, 1,642 మీటర్ల లోతు, భూమి మీద గడ్డకట్టని మంచినీటి సరస్సులు, నదుల నీటిలో దాదాపు ఐదోవంతు. అక్కడి జంతుజాతులు వేలల్లో ఉన్నాయి, ఎక్కువ భాగం ప్రపంచంలో మరెక్కడా లేనివి. రొయ్యల చుట్టాలైన ఆంఫిపాడ్లే 300 జాతులకు పైగా ఉన్నాయి.

అయినా నడి నీళ్లలో పని చాలావరకు ఒకే జీవి చేతిలో ఉంది. మిల్లీమీటరున్నర పొడవుండే ఎపిషురా అనే కోపెపోడ్, అంటే రొయ్యలకు దూరపు చుట్టమైన సన్నటి ప్లవకం, అది. జంతు ప్లవకాల బరువులో తరచూ 90 శాతం వరకూ దానిదే. వసంతంలో అద్దం లాంటి మంచుగడ్డ కింద డయాటమ్ పాచి పెరుగుతుంది. దాన్ని ఎపిషురా తింటుంది. ఎపిషురాను తినేవాటిని గొలొమ్యాంక చేప తింటుంది. ఒంట్లో కొవ్వు నిండి, పొలుసుల్లేకుండా, పారదర్శకంగా ఉండే ఈ చేప పిల్లల్నే కంటుంది. దాన్ని నెర్పా తింటుంది. మంచినీళ్లలోనే బతికే సీల్ జాతి ప్రపంచంలో ఇదొక్కటే, పిల్లల్ని కనేది మంచుగడ్డ మీదే. ఈ గొలుసుకు రెండు చివర్లూ మంచుకే కట్టి ఉన్నాయి: పైన నెర్పా పిల్లకు ఇల్లు, కింద డయాటమ్‌కు నిశ్చలమైన వెలుతురు.

ఈ సరస్సు మీద మనకింత తెలియడానికి ఒక కుటుంబం కారణం. 1945లో మిఖయీల్ కొజోవ్ అనే శాస్త్రవేత్త ఒడ్డుకు దూరంగా ఒకేచోట వారం పది రోజులకోసారి నీటి నమూనా తీయడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత కూతురు ఓల్గా, ఆ తర్వాత మనవరాలు ల్యుబోవ్ ఇజ్మెస్తేవా ఆ పని ఆపలేదు. చలికాలంలో మంచుగడ్డకు రంధ్రం చేసి మరీ తీశారు. 2008లో ఆ 60 ఏళ్ల లెక్కలు విశ్లేషిస్తే, పైనీరు సుమారు 1.2 డిగ్రీలు వేడెక్కిందనీ, వాటర్ ఫ్లీలని పిలిచే సన్నటి నీటి జీవులు, క్లాడోసెరాలు, 1946తో పోలిస్తే 335 శాతం పెరిగాయనీ తేలింది. 1869 నుంచి 2000 వరకున్న వేరే లెక్కల్లో మంచు లేని కాలం 18 రోజులు పెరిగింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఒక సరస్సులో 10 జాతులున్నాయి, అందులో 4 అక్కడ తప్ప ఎక్కడా లేవనుకుందాం. వేడెక్కాక బయటి నుంచి 5 వచ్చాయి, సొంతవి 2 పోయాయి. సరస్సు పట్టికలో 13, అంటే 3 పెరిగాయి. భూమి పట్టికలో 2 తగ్గాయి, ఎప్పటికీ తిరిగి రావు. బైకాల్ విషయంలో "జాతులు పెరిగితే మంచిదే కదా" అనే మాట ఇక్కడ పట్టు తప్పుతుంది.

పని సంగతేమిటి? క్లాడోసెరాలు పాచిని బాగానే తింటాయి, ఫాస్ఫరస్‌ను ఎపిషురా కంటే వేగంగా తిప్పుతాయి కూడా. ఎపిషురా తగ్గినా పని ఆగదని వాదించేవాళ్లకు ఇదే ఆధారం. ఒడ్డు దగ్గర 2011 నాటి నుంచి గుట్టలుగా పెరుగుతున్న స్పైరోగైరా పాచి, జబ్బుపడుతున్న స్పాంజ్‌లు ఇంకో కథ. అక్కడ ఒడ్డు ఊళ్ల మురుగునీటి పాత్ర పెద్దదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం, దాన్ని నడి సరస్సులో వేడి తెచ్చే మార్పుతో కలిపేయకూడదు. మురుగును శుద్ధి చేసి ఆపవచ్చు, వేడిని ఒక్క ఊరు ఆపలేదు.

నడి సరస్సు విషయంలో తేలాల్సిన చిక్కు కాలం దగ్గరుంది. క్లాడోసెరాలు వేసవి చివర పైనీరు వేడెక్కినప్పుడు వచ్చేవి. బైకాల్‌లో పాచి పంట పెద్దగా పండేది మార్చి, ఏప్రిల్ నెలల్లో, మంచు కింద, దాదాపు సున్నా డిగ్రీల నీళ్లలో. ఆ నెలల్లో ఆ చలిలో తిని, తాను తిండిగా మారి గొలొమ్యాంక దాకా ఆ పంటను చేర్చే పని వేల ఏళ్లుగా ఎపిషురాదే. క్లాడోసెరాలు అప్పటికి ఇంకా నీళ్లలో ఉండవు.